కుడిమూల పరలోకం

సెప్టెంబర్ 1, ఆదివారం

ఈవేళ నన్ను ఆత్మ పడగొట్టింది.

కింద టైర్ల షాపువాడు ఎప్పటిలాగే సరిగ్గా నేను గ్రంథం తెరవగానే కంప్రెసరు ఆన్ చేశాడు. వాడి కంప్రెసరుకీ మేడమీద నా గొంతుకీ ఆరేళ్ళుగా పోటీ. నేనూ తగ్గలేదు. గర్విష్ఠుల మీద ప్రసంగం. ఎడమచేతిలో గ్రంథం, కుడిచెయ్యి పైకి. తల వెనక్కి విరిచి, కుడిమూల ట్యూబ్‌లైటు వైపు చూసి, "తండ్రీ, గర్వించినవాణ్ణి పడగొట్టు" అన్నాను. పడగొట్టాడు. నన్ను.

మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. ఆ తరువాత హాలంతా గిర్రున తిరిగింది. ట్యూబ్‌లైటు, ఫ్యాను, ముందు వరుసలో మా ఆవిడ, మళ్ళీ ట్యూబ్‌లైటు. వెల్లకిలా పడ్డాను. గ్రంథం మాత్రం వదల్లేదు.

లేచి చూస్తే జనం ఏడుస్తున్నారు. ఆరేళ్ళలో నా ప్రసంగానికి ఒక్కాయన కళ్ళు తుడుచుకోవడం చూశాను, అదీ ఆయనకి కళ్ళకలక వచ్చినప్పుడు. ఈవేళ ముప్పైమందికి ముప్పైమందీ ఏడ్చారు. మాకు హాలిచ్చిన పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "బ్రదర్, ఇన్నాళ్ళకి మీమీద దిగింది" అన్నాడు.

నేను కాదనలేదు. ఏమని కాదనాలి?

ఇంటికొస్తూ మా ఆవిడ ఒక్కటే అడిగింది. "పొద్దున్న ఏమైనా తిన్నారా?"

సెప్టెంబర్ 2

తిన్నాను. రాసి పెట్టుకుంటున్నాను, తిన్నాను. కాబట్టి ఆకలి వల్ల కాదు.

సెప్టెంబర్ 8, ఆదివారం

మళ్ళీ. అదే చోట, అదే మూలకి చూస్తూ.

యాభై ఏడుమంది వచ్చారు. కుర్చీలు చాలక మెట్లమీద నిలబడ్డారు. నేలమీద పడుకునే ప్రసంగం కొనసాగించాను. "దిగినప్పుడు దేన్నీ పట్టుకోకండి. వదిలేయండి. రెండు చేతులూ పైకెత్తేయండి" అన్నాను. నిలబడి ఆరేళ్ళు చెప్పిన ఏ మాటా ఇంత బాగా పేలలేదు.

మా బావమరిది ముందు వరుసలో కూర్చున్నాడు. స్కూలు బస్సు నడుపుతాడు, మా ఆవిడకి తమ్ముడు. నాలుగైదు నెలలుగా చూస్తున్నాను, వాడు తల ఎడమకి తిప్పి, కుడిచెవి నావైపు పెట్టి, పిట్టలాగా వింటాడు. ఒక్క మాట జారిపోకూడదని ఆరాటం. ఇంట్లో ఒక్కడికైనా నా ప్రసంగం మీద ఇంత భక్తి ఉన్నందుకు స్తోత్రం.

సెప్టెంబర్ 10

నా మోటారు వైండింగు షాపులో పై కొక్కేనికి ఫ్యాను తగిలిస్తూ తల ఎత్తాను. తిరిగింది. ఒక నీళ్ళ మోటారుని కౌగిలించుకుని నిలబడ్డాను.

చూసేవాళ్ళెవరూ లేరు. వైండింగుకి వచ్చిన రెండు మోటార్లు, మూడు టేబుల్ ఫ్యాన్లు. వాటికి సాక్ష్యం ఇవ్వాల్సిన అవసరం ఆయనకి ఏమొచ్చిందో.

సెప్టెంబర్ 11

తెల్లవారి లేవబోతూ కుడిపక్కకి తిరిగాను. మంచం పట్టుకుని కేక పెట్టానట.

"మంచం మీద కూడా దిగుతోందా అండీ?" అంది మా ఆవిడ.

"ఆయన చిత్తం."

"ఆయన చిత్తానికి కుడిపక్కే ఎందుకు? ఎడమపక్కకి తిరిగితే హాయిగా గురక పెడుతున్నారు. నాలుగు రోజులుగా చూస్తున్నా."

అవిశ్వాసులకి లెక్కలు బాగా వస్తాయి.

సెప్టెంబర్ 13

బావమరిది షాపుకి వచ్చాడు. సిగ్గుపడుతూ, స్టూలు మీద కూర్చుని, "బావా, నాకూ దిగుతోంది" అన్నాడు.

ఎన్నాళ్ళనుంచి అన్నాను.

"నువ్వు పడకముందు నుంచే. నడుస్తుంటే ఒక పక్కకి లాగేసినట్టు ఉంటుంది. నీరసం అనుకున్నా. నువ్వు చెప్పాకే కదా అదేంటో తెలిసింది."

వాణ్ణి కౌగిలించుకున్నాను. పదిహేనేళ్ళుగా నా ఇంట్లో నాకు కాఫీ మీద తప్ప ఏకాభిప్రాయం లేదు. ఇప్పుడు ఒకడు దొరికాడు. ఏవో నాలుగు మాటలు చెప్పాను. రెండుసార్లు "ఏంటి బావా?" అన్నాడు. మోటారు మోతలో వినపడలేదేమో.

మోటారు ఆపే ఉంది, ఇప్పుడు గుర్తొస్తోంది.

సెప్టెంబర్ 15, ఆదివారం

ఎనభై రెండుమంది. పడ్డాను. నాతోపాటు ఇంకో ఇద్దరు పడ్డారు, వెనక కుర్చీ ఉందో లేదో చూసుకుని మరీ.

ఇరవై తొమ్మిదిన పెద్ద సభ పెడదామంటున్నాడు హాలు పెద్దాయన. పోస్టరు కూడా వేయించేశాడు. దానిమీద నా ఫొటో. పడిపోతున్నప్పటిది.

సెప్టెంబర్ 17, మంగళవారం

మా ఆవిడ చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఇది చెవికి సంబంధించిన సంగతి కాదని దారి పొడుగునా చెప్పాను. ఆవిడ తన రెండు చెవులూ మూసుకుని నడిచింది.

డాక్టరు రెండు ప్రశ్నలడిగి పక్కగదిలోకి పంపాడు. అక్కడ ఒక అమ్మాయి, ఒక పడక, ఒక కంప్యూటరు తెర. ఫ్యాను నేను చుట్టిందే. చూడగానే పోల్చుకున్నాను. ఊగడం లేదు. ఆ గదిలో ఊగేది నేనొక్కణ్ణే.

అమ్మాయి చూయింగ్ గమ్ నములుతూ, ఈతగాళ్ళు పెట్టుకునేలాంటి పెద్ద కళ్ళజోడొకటి నా మొహానికి బిగించింది. పట్టీ బాగా లాగింది. గ్రంథం పక్కన పెట్టమంది. పెట్టనన్నాను. సరే, గుండెమీద పెట్టుకోండి అంకుల్ అంది. తరువాత కళ్ళజోడుకి మూత వేసింది. కటిక చీకటి.

"కళ్ళు తెరిచే ఉంచండి."

"ఏమీ కనపడటం లేదమ్మా."

"మీకు కనపడకూడదు. లోపల చిన్న కెమెరాలుంటాయి. వాటి వెలుతురు మన కంటికి ఆనదు. మీకు చీకటి, నాకు మాత్రం మీ కళ్ళు పట్టపగల్లా కనిపిస్తున్నాయి."

చీకట్లో కూడా మనల్ని చూసేవాడొకడున్నాడని ఆరేళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. అది చూయింగ్ గమ్ నమిలే పాతికేళ్ళ పిల్ల అని ఎప్పుడూ ఊహించలేదు.

"చీకటి దేనికమ్మా? వెలుగులోనే చూడొచ్చుగా" అన్నాను.

"వెలుగుంటే కళ్ళు దేన్నో ఒకదాన్ని పట్టుకుని నిలబడిపోతాయి అంకుల్. పట్టుకోడానికి ఏమీ లేనప్పుడే వాటి అసలు సంగతి తెలుస్తుంది."

ఇది నా ప్రసంగంలో ఉండాల్సిన వాక్యం. చెప్పులో రాయిలాగా ఇప్పటిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

మనసు ఊరుకోకూడదు, గట్టిగా కూరగాయల పేర్లు చెప్పమంది. నేను గ్రంథంలోని భాగాల పేర్లు వరసగా అందుకున్నాను. పదకొండో దాంట్లో ఉండగా నన్ను చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల కుడికి తిప్పి, పడక అంచు కిందికి వేలాడదీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వచ్చేసింది. "స్తోత్రం" అని అరిచాను.

"వచ్చింది, వచ్చింది. కళ్ళు మూయొద్దు" అంది ఆ అమ్మాయి, బస్సు వచ్చినంత మామూలుగా. అర నిమిషంలో తగ్గింది. ఎడమకి తిప్పి వేలాడదీస్తే ఏమీ లేదు. "ఎడమ చెవి బంగారం" అంది.

తరువాత తెరమీద చూపించింది. నా కన్ను. కంచమంత ఉంది, తెలుపు నలుపుల్లో. నాలుగు సెకన్లు బుద్ధిగా ఉంది, ఆ తరువాత మెలితిరుగుతూ పైకి ఎగిరెగిరి పడింది, గాలంలో చేపలాగా. నేను పడిపోతున్నప్పుడు నా మొహంలో మహిమ ఉంటుందని హాలు పెద్దాయన చెబుతుంటాడు. ఇదా అది?

చెవి లోపల సన్నటి రేణువులుంటాయట. అవి వాటి గదిలో ఉండక, జారి పక్కనున్న గొట్టంలో పడ్డాయట. తల ఒక పక్కకి వంచినప్పుడు అవి దొర్లుతాయి, ఒళ్ళు తిరుగుతోందని మెదడు మోసపోతుంది. నేను మోటార్ల మనిషిని. బేరింగులో నలుసు పడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అర్థమైపోయింది. కాకపోతే బాగుండేది.

"పడేముందు ఏం చేస్తుంటారు అంకుల్?"

"పరలోకం వైపు చూస్తాను."

"ఎటు?"

"కుడివైపు. పైకి."

"ఈసారి ఎడమవైపుకి మార్చి చూడండి. పడరు."

మా ఆవిడకి దగ్గొచ్చింది. బయటికెళ్ళి చాలాసేపు దగ్గింది.

డాక్టరు వచ్చి, మందులక్కర్లేదు, తలని నాలుగు వైపులకి తిప్పి ఆ రేణువుల్ని వాటి గదిలోకి పంపేస్తే సరి, ఐదు నిమిషాల పని, ఇప్పుడే చేసేద్దామా అన్నాడు.

వచ్చే నెల అన్నాను.

సెప్టెంబర్ 18

పొద్దున్నంతా గ్రంథంలో పడిపోయినవాళ్ళని వెతికాను. సాగిలపడ్డ భక్తులు కోకొల్లలు. అందరూ ముందుకే పడ్డారు, మొహం నేలకి ఆనించి. వెనక్కి పడ్డవాళ్ళు కూడా దొరికారు. ఒకడు కుర్చీమీంచి పడి మెడ విరిగి చచ్చాడు. మిగిలినవాళ్ళు నీతిమంతుణ్ణి పట్టుకుపోడానికి వచ్చిన బంట్రోతులు.

నేను వెల్లకిలా పడుతున్నాను.

అయినా ఆయన ఏ పనిముట్టునైనా వాడుకుంటాడు. నలుసుని వాడుకోకూడదని ఎక్కడా రాసి లేదు. వెతికాను.

సెప్టెంబర్ 20

"నెలరోజులు పడటానికి తీరిక ఉంది, ఐదు నిమిషాలు లేవడానికి లేదు మీకు" అంది మా ఆవిడ. షాపుకి బయల్దేరాను. బయట చాలా పనులున్నాయి.

సెప్టెంబర్ 22, ఆదివారం

నూట పదిమంది. కుడిమూలకి చూడాలని నేను అనుకోలేదు. తల దానంతటదే తిరిగింది.

పడ్డాను.

సెప్టెంబర్ 24, మంగళవారం

తల దానంతటదే తిరగదు. మెడ నాది.

సాయంత్రం నాలుగున్నరకి బావమరిది ఫోన్. పిల్లలందర్నీ దింపేసి ఖాళీ బస్సుతో వెనక్కి వస్తున్నాడట. మలుపు దగ్గర బస్సు ఫుట్‌పాత్ ఎక్కి, స్తంభానికి ఆనుకుని ఆగింది. నేనూ మా ఆవిడా ఆటోలో వెళ్ళాం. బంపరు సొట్టపోయింది, అంతే. వాడు మెట్టుమీద కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏమైందిరా?" అంది మా ఆవిడ.

"దిగిందక్కా. మలుపు తిప్పుతుంటే దిగింది."

"దిగితే బ్రేకు వెయ్యాలి కదరా."

"పట్టుకోకూడదుగా." నావైపు చూశాడు. "నువ్వు చెప్పిందే కదా బావా. దేన్నీ పట్టుకోకూడదు, వదిలేయాలి, చేతులెత్తేయాలని. ఎత్తేశా."

రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

బస్సులోకి ఎక్కాను. మూడో సీటు కింద ఏ పిల్లదో మంచినీళ్ళ సీసా దొర్లుతోంది. తీసి సీటుమీద పెట్టాను. పడింది. మళ్ళీ పెట్టాను. అది నిలబడేదాకా అక్కడే ఉన్నాను.

రేపు పొద్దున్న ఆరింటికి వాడికి డ్యూటీ. ఇంటికొచ్చి మా ఆవిడ స్కూలుకి ఫోన్ చేసి, వాడికి గవదబిళ్ళలు, వారం రోజులు రాడు అని చెప్పింది. నా ముప్పైయేళ్ళ విశ్వాస జీవితంలో నా పక్కన నిలబడి ఎవరైనా అబద్ధమాడితే ఊరుకోలేదు. ఈవేళ నంబరు నొక్కి ఇచ్చింది నేనే.

సెప్టెంబర్ 25

ఆ అమ్మాయి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. "వచ్చే నెల అన్నారుగా" అంది. వెళ్ళి పడకమీద పడుకున్నాను.

కుడికి వేలాడదీసింది. తిరిగింది. ఆగేదాకా పట్టుకుంది. ఎడమకి తిప్పింది. ఎడమపక్కకి దొర్లించి ముక్కు నేలవైపు పెట్టించింది. లేపి కూర్చోబెట్టింది. కాసేపాగి మళ్ళీ కళ్ళజోడు పెట్టి, మూతేసి, కుడికి వేలాడదీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, పది, ముప్పై. చీకటి అలాగే ఉంది. ఎవరూ రాలేదు.

"పోయింది అంకుల్."

ఆ మాట ఎందుకంత నొప్పెట్టిందో ఇక్కడ కూడా రాయలేను.

తిన్నగా బావమరిది ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. నాది ఆత్మ కాదు, చెవిలో నలుసు. నీది కూడా చూపించుకుందాం రా అన్నాను. వాడు తల ఎడమకి తిప్పుకుని అంతా విన్నాడు.

"ఇది శోధన బావా. పెద్ద సభ దగ్గరపడుతుంటే నీకు ఇలాంటి మాటలు పుట్టిస్తున్నాడు ఆ సైతాను. నువ్వే చెప్పావు, సభకి ముందు వాడు ఊరుకోడని."

చెప్పాను. నేను చెప్పని చెత్త లేదు.

"ఆరోజు నేలమీద పడుకుని నువ్వు చెప్పిన మాట నేను నమ్మాను. ఇప్పుడు కుర్చీలో కూర్చుని చెబితే ఎలా నమ్మేది?"

సెప్టెంబర్ 29, ఆదివారం

రెండువందల పైన. మెట్లమీద, కిందా, టైర్ల మీద కూడా కూర్చున్నారు. టైర్ల షాపువాడు కంప్రెసరు ఆపేసి తనూ పైకొచ్చాడు. ఆరేళ్ళలో మొదటిసారి నేను గెలిచిన రోజు.

గ్రంథం తెరవలేదు. చెవి సంగతి చెప్పాను. కళ్ళజోడు, నలుసు, అన్నీ. జనం తలలూపారు. ఇదేదో ఉపమానం, చివర్లో విప్పుతాడని ఎదురుచూస్తున్నారు.

"ఇప్పుడు కుడిమూలకి చూస్తాను" అన్నాను.

వెనకవాళ్ళు లేచి నిలబడ్డారు. ముందు వరుసలో ఇద్దరు నన్ను పట్టుకోడానికి చేతులు చాపారు. తల వెనక్కి విరిచి ట్యూబ్‌లైటుని చూశాను. దానిమీద ఒక బల్లి ఉంది. దాన్నే చూస్తూ అరవైదాకా పైకి లెక్కపెట్టాను. ట్యూబ్‌లైటు కదల్లేదు. బల్లి కదిలింది.

నిలబడే ఉన్నాను.

ఎవరో నిట్టూర్చారు. అది హాలంతా పాకింది. హాలు పెద్దాయన పక్కకి వచ్చి చెవిలో, ఆ కుడి చెవిలోనే, "బ్రదర్, ఒక్కసారి పడండి. పాపం దూరం నుంచి వచ్చారు" అన్నాడు.

"పడలేనండి. బాగైపోయింది."

"విశ్వాసం సన్నగిల్లింది" అన్నారెవరో. కుర్చీలు జరుగుతున్నాయి. ఒకావిడ వెళ్ళిపోతూ నావైపు జాలిగా చూసి, "మా ఆయనకీ ఇలాగే పోయింది, ఉద్యోగం" అంది.

అప్పుడు బావమరిది లేచాడు. లేస్తూ ఎడమకి ఒరిగి కుర్చీ పట్టుకున్నాడు.

"మరి నాది బావా? నాది కూడా నలుసేనా?"

"తెలీదురా. నాది తెలిసింది, చెప్పాను. నీది నాకు తెలీదు. తెలీకుండానే మొన్న నిన్ను కౌగిలించుకున్నాను. నాతో రా."

వాడు కుర్చీ వదల్లేదు. వాళ్ళక్క వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "నడవరా గవదబిళ్ళలూ" అంది.

అక్టోబర్ 1, మంగళవారం

నన్ను గదిలో ఉండనిచ్చారు. ఈసారి తెర నావైపు.

వాడి కన్ను వచ్చింది, కంచమంత. ఆ చీకట్లో దేన్నీ చూడకుండా, నోరు తెరిచిన పిల్లాడిలాగా పూర్తిగా తెరుచుకుని ఉంది. ఎడమవైపు చూడమంది అమ్మాయి. చూసినంతసేపూ కన్ను ఎగిరింది. కుడివైపు చూడమంటే అటు ఎగిరింది. నాలాగా నాలుగు సెకన్లు ఆగి రావడం, అర నిమిషానికి పోవడం లేదు. చెవుల్లోకి వేడిగాలి ఊదింది. కుడిచెవికి కన్ను ఉరికింది. ఎడమచెవికి దాదాపు చలనం లేదు. ఇంకోసారి ఊదింది. అమ్మాయి చూయింగ్ గమ్ నమలడం ఆపేసింది.

"ఫోను ఏ చెవికి పెట్టుకుంటారండీ?"

"కుడిచెవికే. ఎడమది కాస్త మందం. ఈ మధ్యనే."

కాస్త మందం. ఐదు నెలలుగా దాన్ని నేను భక్తి అనుకున్నాను.

అమ్మాయి డాక్టర్ని పిలవడానికి వెళ్ళింది. గదిలో మేమిద్దరం. వాడు ఇంకా చీకట్లోనే ఉన్నాడు, కళ్ళజోడు తీయలేదు.

"బావా, ఉన్నావా?"

"ఉన్నా." కుడిపక్కకి వెళ్ళి చెప్పాను.

"ఏం కనిపిస్తోంది?"

నోటికి వాక్యాలు చాలా వచ్చాయి. ఓదార్పువి పాతిక దాకా కంఠతా వచ్చు నాకు. అన్నీ పట్టుకోడానికి బాగుంటాయి.

"నీ కన్ను కనిపిస్తోందిరా. ఊరుకోవడం లేదు."

"భయపడాలా?"

"తెలీదు. నేను మాత్రం భయపడుతున్నా."

చెయ్యి గాల్లోకి చాపాడు. పట్టుకున్నాను.

అక్టోబర్ 8

స్కాన్ వచ్చింది. ఎడమచెవి నుంచి మెదడుకి వెళ్ళే నరంమీద గడ్డ. కాన్సర్ కాదు. పెద్దదే, తీసేయాలి. ఆ చెవి వినికిడి మిగలకపోవచ్చు. బస్సు ఇక నడపకూడదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, నా చేతిలో గ్రంథం చూసి, వాక్యం పూర్తి చేయలేదు.

స్కూలుకి వెళ్ళి గవదబిళ్ళలు కాదని నేనే చెప్పాను.

అక్టోబర్ 24

ఆపరేషన్. ఆరు గంటలు. గ్రంథం ఒళ్ళో ఉంది, తెరవలేదు. మా ఆవిడ దాన్ని తీసి తలకింద పెట్టుకుని బెంచీమీద పడుకుంది.

డిసెంబర్ 1, ఆదివారం

పదకొండుమంది. మమ్మల్ని కలుపుకుని. మిగిలినవాళ్ళు అవతలి వీధిలో కొత్తగా ఒకాయన వణుకుతున్నాడంటే అటు వెళ్ళారట. కింద కంప్రెసరు మళ్ళీ మొదలైంది.

బావమరిది మొదటిసారి మెట్లెక్కి వచ్చాడు, కర్రపట్టుకుని. తల వెనక కుట్ల గుర్తు. స్కూలువాళ్ళు ఆఫీసులో కూర్చునే పనిచ్చారు. "బావా, అది దిగినప్పుడు భలే ఉండేది కానీ" అన్నాడు. నాకూ అన్నాను.

వాడి కుర్చీ గోడవారకి జరిపి, కుడిచెవి నావైపు ఉండేలా వేశాను. మెడ తిప్పుకోనక్కర్లేదు. తీరా నిలబడి చూస్తే అది నా కుడిపక్క. ట్యూబ్‌లైటు మూల, సరిగ్గా దాని కింద.

గొంతు ఎత్తలేదు. అటే చూస్తూ వాడికి వినపడేటట్టు చెప్పాను. పది నిమిషాలకే వాడు నిద్రపోయాడు. వాళ్ళక్క మోచేత్తో పొడవబోతే వద్దని సైగచేసి, వాడు లేచేదాకా చెబుతూనే ఉన్నాను.